రిమోట్ డెస్క్‌టాప్‌లో నొక్కిన లింకు బయటి పీసీలో తెరుచుకోవాలి. కమాండ్ ఇస్తే సరిగ్గా తిరగబడింది

తోతాపురి అడ్మిన్ (చిత్తూరు)

నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తాను. సగం చెప్పి వదిలేస్తే "వెర్షన్ ఎంత, ఏం కమాండ్ ఇచ్చావు" అని ఎలాగూ అడుగుతారు.

చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పనంతా నాదే. అంతా అంటే నిజంగానే అంతా. సర్వర్లు, సీసీ కెమెరాలు, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం, మేనేజర్ గారి అబ్బాయి ల్యాప్‌టాప్. జూన్ వచ్చిందంటే గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు వరసగా నిలబడతాయి, లోపల నా ఫోన్ ఆగకుండా మోగుతుంది. ఈ ప్రశ్న కూడా ఆ గొడవలోంచి పుట్టిందే.

మా దగ్గర 38 మందికి హొరైజన్ వర్చువల్ డెస్క్‌టాప్‌లు ఉన్నాయి, అంటే డెస్క్‌టాప్ సర్వర్‌లో నడుస్తుంది, టేబుల్ మీది పీసీలో దాని తెర కనిపిస్తుంది. వెర్షన్ 7.13. పాతదని నాకూ తెలుసు, దాని గురించి మాత్రం తిట్టకండి. సీజన్ అయ్యేదాకా ఖర్చు మాట ఎత్తితే ఎవరూ వినరు. టేబుళ్ల మీద మామూలు విండోస్ పీసీలు, వాటిలో హొరైజన్ క్లయింట్. మెయిలు, ఎక్సెల్, లెక్కలు అన్నీ రిమోట్ డెస్క్‌టాప్ లోపలే.

తంటా ఎక్స్‌పోర్ట్ సెక్షన్‌లో. మా గుజ్జు డ్రమ్ములు చెన్నై పోర్టు మీదుగా పోతాయి. కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్‌లో పని చేయాలంటే డిజిటల్ సంతకం టోకెన్ కావాలి, చూడ్డానికి పెన్‌డ్రైవ్ లాగా ఉంటుంది. అది ఎక్స్‌పోర్ట్ చూసే అక్క ముందున్న పీసీకే గుచ్చి ఉంటుంది. మెయిల్లో వచ్చిన లింకు మాత్రం రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉంటుంది. నొక్కితే రిమోట్ క్రోమ్‌లో తెరుచుకుంటుంది, ఆ క్రోమ్‌కి టోకెన్ కనిపించదు.

యూఎస్‌బీ రీడైరెక్షన్ (బయటి పీసీకి గుచ్చింది రిమోట్‌కి కనిపించేలా చేయడం) పెట్టుకోవచ్చు కదా అనకండి. పెట్టాను. రెండు రోజులు బాగుంది. మూడో రోజు సంతకం పెట్టే సమయానికి టోకెన్ జారిపోయింది, కంటైనర్ ఆగింది. అక్క ఏమీ అనలేదు, అట్లా చూసింది అంతే. తిట్టి ఉంటేనే బాగుండేది.

అందుకని ఆమె ఒక పద్ధతి కనిపెట్టింది. మా దగ్గర డెస్క్‌టాప్ నుంచి బయటికి కాపీ, పేస్ట్ బంద్. కాబట్టి లింకు చూసి పాత కాటా చీటీ వెనక పెన్నుతో రాసుకుంటుంది, విండో కిందికి దించి, బయటి క్రోమ్‌లో ఒక్కో అక్షరం టైప్ చేస్తుంది. సున్నాకి ఓకి తేడా తెలియడానికి సున్నా మధ్యలో గీత పెట్టుకుంటుంది. మొన్న ఆమె టేబుల్ మీద అట్లాంటి చీటీలు 11 లెక్కపెట్టాను. సిగ్గేసింది.

శనివారం సాయంత్రం కనెక్షన్ సర్వర్ (లాగిన్ అయిన వాళ్లని వాళ్ల డెస్క్‌టాప్‌కి కలిపేది) ముందు కూర్చున్నాను. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వీఎమ్‌వేర్, అందులో వీఎమ్‌వేర్ వ్యూ, సర్వర్, టూల్స్, బిన్. ఆ ఫోల్డర్‌లో వీడీఎమ్‌యుటిల్ ఉంటుంది, హొరైజన్ సెట్టింగ్‌లు మార్చే కమాండ్. నేను ఇచ్చిన కమాండ్ ఇది. తెలుగులో పలికినట్టు రాస్తున్నాను, మీకు అర్థమవుతుంది:

వీడీఎమ్‌యుటిల్ --క్రియేట్‌యూఆర్‌ఎల్‌సెట్టింగ్ --యూఆర్‌ఎల్‌సెట్టింగ్‌నేమ్ కస్టమ్స్ --యూఆర్‌ఎల్‌రీడైరెక్షన్‌స్కోప్ లోకల్ --యూఆర్‌ఎల్‌స్కీమ్ హెచ్‌టీటీపీఎస్ --ఎన్‌టైటిల్డ్‌డెస్క్‌టాప్ ఎక్స్‌పోర్ట్‌పూల్ --ఏజెంట్‌యూఆర్‌ఎల్‌ప్యాటర్న్, దాని తర్వాత ఐస్‌గేట్ అడ్రస్

వీటితో పాటు అడ్మిన్ పేరు, డొమైన్, పాస్‌వర్డ్ ఇచ్చాను. ఆ తర్వాత --యాడ్‌గ్రూప్‌యూఆర్‌ఎల్‌సెట్టింగ్‌తో ఎక్స్‌పోర్ట్ గ్రూపుని దానికి కలిపాను. ఎర్రర్ ఏమీ రాలేదు. స్కోప్ లోకల్ అని ఇచ్చాను కాబట్టి లింకు లోకల్ పీసీలో తెరుచుకుంటుందని ధీమాగా ఇంటికి పోయాను.

సోమవారం పొద్దున అక్క ఫోన్. రిమోట్‌లో లింకు నొక్కితే ఎప్పట్లాగే రిమోట్ క్రోమ్‌లోనే తెరుచుకుంటోంది. అదైతే సరే, పాత కథే. కానీ ఇప్పుడు బయటి క్రోమ్‌లో చేత్తో టైప్ చేసినా, ఆ పేజీ లాక్కెళ్లి రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరుస్తోంది! అంటే చీటీ పద్ధతి కూడా పోయింది. ఉన్నదీ పాయె.

నేను ఎక్కడ తప్పు చేశాను?

కాణిపాకం కేబుల్

అన్నా, ఇంత తలనొప్పి ఎందుకు, కాపీ పేస్ట్ తెరిచేస్తే పోలా? పాలసీలో ఒక్క క్లిక్ పని.

తోతాపురి అడ్మిన్

తెరిస్తే మా ధరల పట్టిక, విదేశీ పార్టీల లిస్టు కూడా బయటికి నడిచి పోతాయి తమ్ముడూ. అది మూయించింది పెద్దాయనే. ఆయన దగ్గరికి పోయి తెరవమని నేను అడగలేను.

అలిపిరి అన్న (తిరుపతి)

తమ్ముడూ, నువ్వు కమాండ్ తప్పు ఇవ్వలేదు. దారి తప్పు పట్టావు.

మన కొండకు రెండు ఘాట్ రోడ్లు ఉన్నాయి కదా. 1944 నాటి పాత రోడ్డులో ఇప్పుడు బండ్లు దిగుతాయి, 1974లో వేసిన రెండో రోడ్డులో ఎక్కుతాయి. ఎక్కే రోడ్డు ఎంత నున్నగా వేసినా దాంట్లో బస్సు దిగదు. హొరైజన్‌లో లింకులకు కూడా అట్లాగే రెండు వేర్వేరు దారులు. బయటి పీసీలో నొక్కిన లింకు రిమోట్‌లోకి ఎక్కేది ఒకటి. రిమోట్‌లో నొక్కిన లింకు బయటి పీసీకి దిగేది ఇంకొకటి. వీడీఎమ్‌యుటిల్‌తో పెట్టే సెట్టింగ్ ఎక్కే దారికే. నీకు కావలసింది దిగే దారి. అది గ్రూప్ పాలసీలో, అంటే డొమైన్‌లోని విండోస్ మెషీన్లకు ఒకేచోట నుంచి ఇచ్చే సెట్టింగ్‌లలో పెడతారు.

నువ్వు పడిపోయిన గుంత ఎక్కడో కూడా తెలుస్తోంది. "స్కోప్ లోకల్" అంటే లోకల్ పీసీ అని కాదు. ఈ సెట్టింగ్ ఈ ఒక్క పాడ్‌కి (కలిసి పనిచేసే కనెక్షన్ సర్వర్ల గుంపుకి) మాత్రమే అని. దానికి జోడీ "గ్లోబల్", ఊరూరా పాడ్‌లు పెట్టుకుని వాటిని ఒకటిగా కలిపిన వాళ్లకు. నీకు ఉన్నది ఒకే పాడ్ కాబట్టి లోకల్ అని ఇవ్వడం కరెక్టే, కానీ నువ్వు అనుకున్న అర్థంలో కాదు. ఇక "ఏజెంట్ యూఆర్‌ఎల్ ప్యాటర్న్" అన్నావు చూడు, దాని మాటే చెప్తోంది: ఈ నమూనాకి సరిపోయే లింకులు ఏజెంట్ వైపు, అంటే రిమోట్‌లో తెరవమని. సిస్టమ్ నువ్వు చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసింది. నేనూ మొదట్లో లోకల్ అనే మాటకి ఇట్లాగే మోసపోయాను, కాబట్టి పెద్దగా బాధపడకు.

ఒక అనుమానం. బయటి పీసీ నుంచి లాక్కెళ్తోందంటే మీ క్లయింట్‌లో ఈ ఫీచర్ వేసి ఉండాలి. మామూలుగా డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ చేస్తే రాదు. నువ్వే వేశావా?

ఇప్పుడు చేయాల్సింది. మొట్టమొదట నీ కస్టమ్స్ సెట్టింగ్‌ని ఆపు. --డిసేబుల్‌యూఆర్‌ఎల్‌సెట్టింగ్ అని ఉంది, పేరు, స్కోప్ ఇస్తే చాలు. నీకు అది ఎప్పటికీ అక్కర్లేదు కాబట్టి --డిలీట్‌యూఆర్‌ఎల్‌సెట్టింగ్ ఇచ్చేసినా పర్లేదు. ఇది చేయకుండా రెండో పని ముట్టుకోవద్దు. ఎందుకో చేస్తే నీకే తెలుస్తుంది, చేయకు.

రెండోది గ్రూప్ పాలసీ. హొరైజన్‌తో ఇచ్చే ఎక్స్‌ట్రాస్ బండిల్ జిప్‌లో యూఆర్‌ఎల్ రీడైరెక్షన్ టెంప్లేట్ ఉంటుంది. దాన్ని డొమైన్ కంట్రోలర్‌లో ఎక్కించు. కంప్యూటర్ కాన్ఫిగరేషన్ కింద, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్లలో కొత్త ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో ప్రోటోకాల్ వారీగా సెట్టింగ్‌లు. హెచ్‌టీటీపీఎస్ తెరిస్తే నాలుగు గళ్లు ఉంటాయి: బ్రోకర్ పేరు, రిమోట్ ఐటెమ్, క్లయింట్ రూల్స్, ఏజెంట్ రూల్స్. నీకు కావలసింది క్లయింట్ రూల్స్ గడి ఒక్కటే. బయట తెరవాల్సిన అడ్రస్‌లు అక్కడ రాయాలి. ఒకటి కంటే ఎక్కువుంటే మధ్యలో సెమీకోలన్.

అడ్రస్ రాసేటప్పుడు ఫైళ్లు వెతికినట్టు వట్టి నక్షత్రం పెట్టొద్దు. ఇక్కడ నడిచేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. "ఏదైనా సరే" అనడానికి చుక్క, దాని వెనకే నక్షత్రం. అడ్రస్‌లో నిజంగా ఉన్న చుక్కకి ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి, లేకపోతే ఆ చుక్క ఏ అక్షరానికైనా సరిపోతుంది. ఇట్లా:

.*\.ఐస్‌గేట్\.గవ్\.ఇన్.*

డెస్క్‌టాప్ ఇమేజ్‌లో, అంటే ఒక పూల్‌లోని (గుంపులోని) డెస్క్‌టాప్‌లన్నీ తయారయ్యే అచ్చులో, ఏజెంట్ (రిమోట్ వైపు ఉండే హొరైజన్ ప్రోగ్రామ్) కూడా ఫీచర్‌తో వేసి ఉండాలి. తెలుసుకోవడం సులువు. డెస్క్‌టాప్ లోపల వీఎమ్‌వేర్ వ్యూ, ఏజెంట్, బిన్ కింద యూఆర్‌ఎల్‌రీడైరెక్షన్ అనే ఫోల్డర్ ఉందా చూడు. అందులో పేరు చివర "లాంచ్ హెల్పర్" అని ఉన్న ఈఎక్స్‌ఈ ఫైలు, ఫిల్టరింగ్ ప్లగిన్ డీఎల్‌ఎల్ ఉండాలి. ఫోల్డరే లేకపోతే పాలసీ ఎంత రాసినా గోడకి చెప్పినట్టే.

క్రోమ్ వాడతారు కాబట్టి ఎక్స్‌టెన్షన్ కూడా కావాలి. అదే టెంప్లేట్‌లో దాన్ని ఎక్కించే పాలసీ ఒకటి ఉంది, ఎనేబుల్ చెయ్యి. తర్వాత జీపీఅప్‌డేట్ ఫోర్స్ (పాలసీని వెంటనే తీసుకోమనే కమాండ్), లాగాఫ్, లాగిన్.

ఇంకో మాట. హొరైజన్ వ్యాపారం 2024లో వీఎమ్‌వేర్ నుంచి విడిపోయి ఓమ్నిస్సా అయింది. కొత్త డాక్యుమెంట్లు చదివితే పేర్లు తేడాగా కనిపించవచ్చు, కంగారు పడకు. నీ 7.13కి పాత పేర్లే.

తోతాపురి అడ్మిన్

అన్నా, దండం. లోకల్ సంగతి చదివి పది నిమిషాలు కుర్చీలో అట్లాగే కూర్చున్నాను.

క్లయింట్ నేనే వేశాను. పోయినేడాది ఎక్కడో చదివి ఇన్‌స్టాలర్ కమాండ్‌లో యూఆర్‌ఎల్‌_ఫిల్టరింగ్‌_ఎనేబుల్డ్=1 అని పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడూ తెలీదు, "ఉంటే మంచిదే కదా" అనుకున్నాను. ఎక్స్‌పోర్ట్ పూల్ ఇమేజ్‌లో ఏజెంట్ కూడా అట్లాగే వేశానట, ఫోల్డర్ ఉంది.

ఇక మీరు చేయొద్దన్న పని. ఒప్పుకుంటున్నాను. పాలసీ రాయడంలో మునిగి కస్టమ్స్ సెట్టింగ్ ఆపడం మర్చిపోయాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక అక్క సీట్లో కూర్చుని లింకు నొక్కాను. బయటి క్రోమ్‌లో ఒక ట్యాబ్ తెరుచుకుంది. "ఆహా" అనేలోపే రిమోట్ విండో ముందుకొచ్చింది, అందులో ఒక ట్యాబ్. మళ్లీ బయట. మళ్లీ లోపల. మీ ఘాట్ రోడ్లలో బస్సు ఎక్కి దిగి, ఎక్కి దిగి, ఎక్కడా ఆగకుండా తిరిగినట్టు. నెట్‌వర్క్ వైరు పీకేదాకా ఆగలేదు. సరిగ్గా అప్పుడే అక్క క్యారియర్ కడుక్కుని వచ్చి వెనక నిలబడింది. "ఏందిది, దయ్యం పట్టిందా?" అంది.

సెట్టింగ్ డిలీట్ చేశాను. ఇప్పుడు రెండు ప్రశ్నలు మిగిలినాయి.

ఒకటి, మెయిల్లో లింకు నొక్కితే చక్కగా బయట తెరుచుకుంటోంది. కానీ రిమోట్ క్రోమ్‌లో అక్క ఎప్పటి నుంచో దాచుకున్న బుక్‌మార్క్ నొక్కితే మాత్రం లోపలే తెరుచుకుంటోంది. అదే సైటు!

రెండు, అకౌంట్స్ వాళ్లకు వేరే పూల్ ఉంది. జీఎస్టీ రిటర్న్‌లకు వాళ్లకూ టోకెన్ ఉంది కదా అని అదే పాలసీ వాళ్లకూ ఇచ్చాను. అక్కడ చీమ కూడా కదల్లేదు.

పుత్తూరు కట్టు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను నగరి వైపు ఒక స్పిన్నింగ్ మిల్లుకి ఇదే పని చేస్తాను, ఆడవాళ్లం కూడా కనెక్షన్ సర్వర్లు చూస్తాం అని గుర్తుచేయడానికి చెప్తున్నాను.

మీ బుక్‌మార్క్‌ని ఎడిట్‌లో తెరిచి మొదటి నాలుగైదు అక్షరాలు చూడండి. ఎస్ లేకుండా వట్టి హెచ్‌టీటీపీ అని ఉంటుంది, పందెం. పాలసీలో మీరు హెచ్‌టీటీపీఎస్ ఒక్కటే నింపి ఉంటారు. ఆ బుక్‌మార్క్ హెచ్‌టీటీపీగా మొదలవుతుంది కాబట్టి మీ రూలు దాన్ని పట్టుకోదు. సైటే దాన్ని తర్వాత హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లించుకుంటుంది, అప్పటికి పేజీ లోపలే తెరుచుకుని ఉంటుంది. రెండు ప్రోటోకాల్‌లలోనూ ఒకే క్లయింట్ రూల్స్ పెట్టండి. డాక్యుమెంటేషన్‌లో కూడా రెండూ ఒకేలా ఉంచమనే చెప్తారు, మనం ఆ లైను దాటేసి కింద ఉన్న ఉదాహరణ కాపీ చేసుకుంటాం.

అకౌంట్స్ పూల్‌కి జవాబు అలిపిరి అన్న ముందే చెప్పేశారు. ఆ ఇమేజ్‌లో ఫోల్డర్ ఉందా? లేకపోతే గోల్డెన్ ఇమేజ్‌లో ఏజెంట్ తీసేసి, ఇన్‌స్టాలర్‌ని కమాండ్‌లో ఆ =1 తోనే మళ్లీ వేసి, స్నాప్‌షాట్ తీసి, పూల్‌కి పుష్ చేయాలి. నేను ఎప్పుడూ తీసేసే వేస్తాను, పై నుంచి అతుకులు వేయను.

అసలు నేను రాయాలనుకున్నది వేరే. మీ మొదటి పోస్టులో పాస్‌వర్డ్ ఇచ్చాను అన్నారు. కమాండ్ లైన్లో నేరుగా టైప్ చేశారా? అట్లా చేస్తే పాస్‌వర్డ్ కమాండ్ హిస్టరీలో కూర్చుంటుంది, పై బాణం నొక్కిన ఎవరికైనా కనిపిస్తుంది. --ఆథ్‌పాస్‌వర్డ్ దగ్గర పాస్‌వర్డ్‌కి బదులు కోట్స్ మధ్య ఒక నక్షత్రం ఇవ్వండి. అప్పుడు అదే వేరుగా అడుగుతుంది. మా దగ్గర ఒకాయన బ్యాచ్ ఫైల్లో పాస్‌వర్డ్ రాసి డెస్క్‌టాప్ మీద "కమాండ్స్" అని పేరు పెట్టి ఉంచాడు. దాన్ని చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇంకొకటి. ఏదైనా మార్చే ముందు --లిస్ట్‌యూఆర్‌ఎల్‌సెట్టింగ్ ఇచ్చి వచ్చిందంతా ఒక టెక్స్ట్ ఫైల్లో దాచుకోండి. ఒక్కో దాని వివరాలకు --రీడ్‌యూఆర్‌ఎల్‌సెట్టింగ్ ఉంది. అదే బిన్ ఫోల్డర్‌లో వీడీఎమ్‌ఎక్స్‌పోర్ట్ కూడా ఉంటుంది, దాంతో మొత్తం కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకుని అప్పుడు చెయ్యి పెట్టండి. ఎముక విరిగాక కట్టు కట్టడం మా ఊరి విద్యే గానీ, విరగకుండా చూసుకోవడం ఇంకా మేలు.

కాణిపాకం కేబుల్

అక్కా, ఒక డౌటు. దిగే దారి అంతా గ్రూప్ పాలసీదే అయితే ఈ వీడీఎమ్‌యుటిల్ ఇక ఎవరికి పనికొస్తుంది? ఎక్కే దారి ఎవరికి కావాలి?

పుత్తూరు కట్టు

మా మిల్లులోనే కావాలి. సూపర్‌వైజర్లు మెయిలు బయటి పీసీలో చూస్తారు. అందులో మా లోపలి ఉత్పత్తి పేజీ లింకులు వస్తాయి. ఆ పేజీ డెస్క్‌టాప్ నెట్‌వర్క్‌లో తప్ప తెరుచుకోదు. కాబట్టి బయట నొక్కిన లింకు రిమోట్‌లో తెరుచుకోవాలి. వెబ్ లింకులే కాదు, మెయిల్‌టూ లింకులకు కూడా స్కీమ్ ఇచ్చి, నొక్కగానే రిమోట్ ఔట్‌లుక్ తెరుచుకునేలా పెట్టొచ్చు. డెస్క్‌టాప్ బదులు పబ్లిష్ చేసిన అప్లికేషన్ పేరు ఇవ్వాలంటే --ఎన్‌టైటిల్డ్‌అప్లికేషన్ వాడతారు. సెట్టింగ్‌ని ముందు ఒకే ఒక్క మనిషికి --యాడ్‌యూజర్‌యూఆర్‌ఎల్‌సెట్టింగ్‌తో ఇచ్చి చూడొచ్చు, నచ్చితే గ్రూపుకి. నాకు ఈ కమాండ్‌లో నచ్చేది అదే. నేను మొదట నా మీదే ప్రయోగం చేసుకుంటాను, సూపర్‌వైజర్ల మీద కాదు.

అలిపిరి అన్న (తిరుపతి)

పుత్తూరు అక్క చెప్పిన దానికి ఒక్క ముక్క. తమ్ముడూ, లింకు మొదటిసారి నొక్కినప్పుడు విండోస్ "దీన్ని దేంతో తెరవాలి" అని అడిగితే జాబితాలో హొరైజన్ యూఆర్‌ఎల్ ఫిల్టర్ అని ఉంటుంది, దాన్నే ఎంచుకోవాలి. అలవాటు కొద్దీ అందరూ క్రోమ్ నొక్కేస్తారు, "ఎప్పుడూ ఇదే" అని టిక్ కూడా పెడతారు. ఆ తర్వాత మనకు ఫోన్ చేసి "నిన్న వచ్చింది, ఇవాళ రాలేదు" అంటారు. ముందే ఒకసారి చెప్పి పెట్టు.

తోతాపురి అడ్మిన్

పుత్తూరు అక్కా, మీ పందెం మీరే గెలిచారు. బుక్‌మార్క్‌లో ఎస్ లేదు. ఎప్పుడు దాచుకున్నారని మా ఎక్స్‌పోర్ట్ అక్కని అడిగితే "నువ్వు చేరక ముందే" అంది. రెండు ప్రోటోకాల్‌లకూ ఒకే రూల్స్ పెట్టాను, ఇప్పుడు ఎక్కడ నొక్కినా బయటే తెరుచుకుంటోంది. టోకెన్ పిన్ అడిగింది, సంతకం పడింది. నేను పక్కనే నిలబడి మూడుసార్లు చేయించాను. నాలుగోసారి "చాల్లే నాయనా, ఇది నిజం బిల్లు" అంది.

పాస్‌వర్డ్ విషయంలో దొరికిపోయాను. నేరుగానే టైప్ చేశాను. పై బాణం నొక్కి చూస్తే నా పాస్‌వర్డ్ నన్ను చూసి నవ్వింది. మార్చేశాను, ఇకపై నక్షత్రమే.

అకౌంట్స్ ఇమేజ్‌లో ఫోల్డర్ లేదు. ఆ ఇమేజ్ నాకంటే ముందు ఒక బయటి మనిషి చేసి పోయింది, ఏజెంట్‌ని డబుల్ క్లిక్‌తో వేసినట్టున్నాడు. ఇప్పుడు పుష్ చేస్తే అందరినీ లాగాఫ్ చేయించాలి. ట్రాక్టర్లు కాటా మీద ఉండగా ఆ మాట అంటే నన్నే కాటా ఎక్కిస్తారు. ఆదివారం రాత్రి పెట్టుకున్నాను.

కాణిపాకం తమ్ముడూ, నీ డౌటు నాకూ పనికొచ్చింది. మా కాటా రిపోర్టు పేజీ డెస్క్‌టాప్ నెట్‌వర్క్‌లో తప్ప రాదు. గేటు దగ్గర ఉండే క్లర్కు మాత్రం మెయిలు బయటి పీసీలో చూస్తాడు, లింకు నొక్కి "పేజీ రాలేదు" అని రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తాడు. ఇది ఎక్కే దారి కదా! ముందు బ్యాకప్ తీశాను. తర్వాత "కాటా" అని కొత్త సెట్టింగ్, స్కోప్ లోకల్ (ఈసారి అర్థం తెలిసి ఇచ్చాను), ప్యాటర్న్‌లో ఆ ఒక్క లోపలి అడ్రస్. పాలసీలో ఉన్న క్లయింట్ రూల్స్‌లో ఆ అడ్రస్ లేదని రెండుసార్లు చూసుకున్నాను. ముందు నా పేరు మీద పరీక్షించాను. నేను క్లయింట్‌లో లాగిన్ అయి ఉన్నాను, మెయిల్లో లింకు నొక్కగానే డెస్క్‌టాప్ ముందుకొచ్చి అందులో పేజీ తెరుచుకుంది. ఒకే ట్యాబ్. బయటికి తిరిగి రాలేదు. ఒక నిమిషం చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను, నమ్మకం కుదరక.

అది క్లర్కుకి కూడా ఇచ్చేశాను. సాయంత్రం ఫోన్ చేశాడు. లింకు గురించి కాదు, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందట.